గోదావరి డెల్టాలో హృద్ధమని వ్యాధి: శస్త్రచికిత్స, ఔషధచికిత్సల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
గుండెకు రక్తం చేరవేసే ధమనులు పూడుకుపోయినప్పుడు శస్త్రచికిత్స మేలా, మందులు మేలా అన్న చర్చ ప్రపంచ వైద్యరంగంలో యాభై ఏళ్ళుగా సాగుతోంది. ఈ చర్చ గోదావరి డెల్టాకు ఏ రూపంలో చేరింది, ఇక్కడ దాన్ని నిర్ణయించిన అంశాలేమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉభయ గోదావరి జిల్లాల గ్రామాలలో 2003 తరువాత జరిగిన మరణ పరిశీలన, రోగుల సర్వేలు, నివారణ ప్రయోగాలు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఇందుకు ప్రధాన ఆధారాలు. వైద్యపరీక్షలు సరిపోల్చినవి సక్రమంగా అందిన రెండు చికిత్సలను. డెల్టాలో మాత్రం ఒక చికిత్సకే చెల్లింపు వ్యవస్థ ఏర్పడింది. రెండవది చాలావరకు సలహాగానే మిగిలిపోయింది. అందువల్ల ఇక్కడి చరిత్రను రెండు చికిత్సల పోటీగా కాక, ఒక చికిత్స అందుబాటుకు, మరొక చికిత్స లేమికి సంబంధించిన చరిత్రగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హృద్ధమని వ్యాధి, బైపాస్, స్టెంట్, ఔషధచికిత్స, గోదావరి డెల్టా, ఆరోగ్యశ్రీ, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

గోదావరి డెల్టా చరిత్రను సాధారణంగా నీటితో మొదలుపెడతారు. 1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం, ఆ తరువాత కాలువలు, రెండు పంటల వరి, విద్యాసంస్థలు, పట్టణాలు, ఇటీవలి దశాబ్దాలలో చేపల, రొయ్యల చెరువులు అన్న క్రమంలో ఆ కథనం సాగుతుంది. ఈ సంపద ప్రజల దేహాలలో తెచ్చిన మార్పుల గురించి చరిత్రకారులు రాసింది తక్కువ. కలరా, మలేరియా వంటి అంటువ్యాధుల చరిత్ర కొంతవరకు నమోదయింది. గుండెజబ్బు, మధుమేహం, పక్షవాతం మాత్రం ఇంకా వైద్యపత్రికలకే పరిమితమై ఉన్నాయి.

నేడు డెల్టాలోని ఏ ఊళ్ళోనైనా బైపాస్ చేయించుకున్నవారో, స్టెంట్ వేయించుకున్నవారో కనిపిస్తారు. 'మూడు బ్లాకులున్నాయి', 'ఆపరేషన్ అక్కరలేదన్నారు, మందులతో సరిపెట్టారు' వంటి మాటలు ఇళ్ళలో మామూలైపోయాయి. ఈ రెండవ మాటలోని 'సరిపెట్టారు' అన్న పదం గమనించదగ్గది. ఆపరేషన్ పూర్తి వైద్యం, మందులు దానికంటే తక్కువరకం అన్న భావన అందులో ఉంది. ఈ భావనకు వైద్యశాస్త్రం ఎంతవరకు ఆధారమిస్తుంది? శాస్త్రం ఇవ్వని చోట దాన్ని నిలబెట్టినదేమిటి? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతుకుతుంది.

ఈ వ్యాసంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలంటే 2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న జిల్లాలు. నేటి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాల డెల్టా ప్రాంతాలు కూడా ఈ పరిధిలోకి వస్తాయి. పరిశీలన 2020 వరకే పరిమితం.

2. వ్యాధి స్వరూపం, చర్చ పరిధి:

గుండె కండరానికి రక్తం అందించే ధమనులను హృద్ధమనులు అంటారు. వాటి లోపలి గోడలలో కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు ఛాతీలో పట్టేసినట్లు నొప్పి వచ్చి, ఆగితే తగ్గడం దీని సాధారణ లక్షణం. పేరుకున్న కొవ్వు పొర చిట్లి దానిపై రక్తం గడ్డకడితే ధమని హఠాత్తుగా మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

చికిత్సా మార్గాలు మూడు. మొదటిది బైపాస్ శస్త్రచికిత్స. ఇందులో కాలి సిరనో, ఛాతీ లోపలి ధమనినో తెచ్చి అతికి, పూడిక ఉన్న భాగాన్ని తప్పించి రక్తానికి కొత్త దారి కల్పిస్తారు. రెండవది చేతి లేదా తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి, బెలూన్‌తో ఇరుకును విప్పి స్టెంట్ అమర్చడం. మూడవది ఔషధచికిత్స. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, రక్తపోటు మందులు రోజూ వాడుతూ, పొగాకు మానడం, ఆహార నియమాలు పాటించడం ఇందులోని అంశాలు.

ఒక భేదాన్ని ముందే స్పష్టం చేయాలి. గుండెపోటు వస్తున్న సమయంలో మూసుకున్న ధమనిని వీలైనంత త్వరగా తెరవడం ప్రాణరక్షకమన్న విషయంలో వివాదం లేదు. వివాదమంతా నిలకడగా ఉన్న వ్యాధి గురించి. నడిస్తే నొప్పి వస్తూ, ఆగితే తగ్గుతూ ఉన్న రోగికి ఆపరేషన్ ఆయుష్షును పెంచుతుందా అన్నదే అసలు ప్రశ్న. సామాన్య సంభాషణలో ఈ రెండు స్థితులు కలిసిపోవడం వల్ల చాలా అపోహలు పుట్టాయి.

3. ప్రపంచ స్థాయిలో చర్చ: 1958-1994

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ హృద్ధమనులను ఎక్స్‌రేలో విడిగా చూసే పద్ధతిని కనుగొన్నారు. అంతవరకు లక్షణాల ద్వారా ఊహించిన వ్యాధి ఇప్పుడు ఫిల్ముపై కనిపించసాగింది. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో వసీలీ కొలెసోవ్ ఛాతీ ధమనిని హృద్ధమనికి కలిపారు. 1967లో అర్జెంటీనాకు చెందిన రెనే ఫవలోరో క్లీవ్‌లాండ్‌లో కాలి సిరతో బైపాస్‌ను ఒక క్రమపద్ధతిగా రూపొందించారు. పదేళ్ళు తిరగకముందే ఈ శస్త్రచికిత్స అమెరికాలో విస్తృతంగా వ్యాపించింది. నొప్పి తగ్గినట్లు రోగులు చెబుతున్నారు. అయితే ఆయుష్షు పెరిగిందా అన్నది తేలలేదు.

దీన్ని తేల్చడానికి అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో, ఐరోపాలో, తరువాత కాస్ అనే పేరుతో అమెరికాలోనే మరొకసారి పరీక్షలు జరిగాయి. రోగులను చీటీ తీసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు శస్త్రచికిత్స, మరొక జట్టుకు మందులు ఇచ్చి ఏళ్ళ తరబడి గమనించడం వీటి పద్ధతి. మాజీ సైనికుల పరీక్ష ఫలితాలు 1977లో వెలువడినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఎడమవైపు ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారిని మినహాయిస్తే, మిగిలినవారి మనుగడలో మొదటి సంవత్సరాలలో చెప్పుకోదగ్గ తేడా లేదని ఆ పరీక్ష తెలిపింది. శస్త్రవైద్యులు దీన్ని తీవ్రంగా విమర్శించారు.

1994లో సలీం యూసుఫ్ బృందం ఏడు పరీక్షలలోని 2,649 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి విశ్లేషించింది. ఐదేళ్ళలో శస్త్రచికిత్స జట్టులో 10.2 శాతం, ఔషధ జట్టులో 15.8 శాతం మరణించారు. ఎడమ ప్రధాన ధమని వ్యాధి, మూడు ధమనుల వ్యాధి ఉన్నవారికి లాభం ఎక్కువ. తక్కువ ప్రమాదం ఉన్నవారిలో అంత లాభం కనిపించలేదు. ఈ విధంగా ఆపరేషన్ మేలా, మందులు మేలా అన్న ప్రశ్న, ఏ రోగికి ఏది మేలు అన్న ప్రశ్నగా మారింది.

చరిత్రకారుని దృష్టిలో ఇక్కడ మరొక విషయం ముఖ్యం. ఆ ఏడు పరీక్షల కాలంలో ఔషధచికిత్స అంటే ప్రధానంగా నొప్పిని తగ్గించే మందులు. గుండెపోటులో ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని 17,187 మంది రోగులతో నిరూపించిన ఐసిస్-2 పరీక్ష 1988లో వచ్చింది. స్టాటిన్ వల్ల హృద్రోగుల మరణాలు తగ్గుతాయని 4,444 మందితో స్కాండినేవియా దేశాలలో జరిగిన పరీక్ష తెలిపినది 1994లోనే. అంటే శస్త్రచికిత్స గెలిచిందని చెప్పిన సంవత్సరానికే ఓడిన పక్షం స్వరూపం మారిపోయింది. 'మందులు' అన్న మాట మారలేదు గాని, దాని అర్థం మారింది.

4. తెలుగునేలకు చికిత్సల రాక:

భారతదేశంలో తొలి బైపాస్ శస్త్రచికిత్స 1975లో మద్రాసులో జరిగింది. దాన్ని చేసిన వైద్యుడు కె.ఎం. చెరియన్. గోదావరి జిల్లాలవారికి మద్రాసు పరాయి నగరం కాదు. చదువులకు, వ్యాపారానికి, సినిమాలకు వెళ్ళిన దారినే వైద్యానికీ వెళ్ళారు. 1983లో మద్రాసులో, 1988లో హైదరాబాదులో అపోలో ఆసుపత్రులు వచ్చాయి. 1989లో నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ విశ్వవిద్యాలయ స్థాయి పొందింది. 1997లో వైద్యుడు బి. సోమరాజు, ఆయన సహచరులు హైదరాబాదులో కేర్ ఆసుపత్రిని ప్రారంభించారు. విదేశీ స్టెంట్ల ధర సామాన్యులకు అందని రోజులలో ఎ.పి.జె. అబ్దుల్ కలాంతో కలిసి సోమరాజు రూపొందించిన స్వదేశీ స్టెంట్ 'కలాం-రాజు స్టెంట్'గా ప్రసిద్ధి పొందింది.

డెల్టాలో మాత్రం పరిస్థితి వేరు. కాకినాడలో 1958లో రంగరాయ వైద్యకళాశాల స్థాపితమైంది. దానికి అనుబంధమైన ప్రభుత్వాసుపత్రి దశాబ్దాలపాటు తూర్పు గోదావరి పేదలకు పెద్ద దిక్కు. గ్రామస్థాయిలో తొలి వైద్యం ఆర్.ఎం.పి.ల చేతిలో ఉండేది. ఛాతీనొప్పిని గ్యాస్‌గా భావించి కాలం గడపడం సర్వసాధారణం. గుండె ఆపరేషన్ అంటే రైలెక్కి మద్రాసో, హైదరాబాదో వెళ్ళవలసిన పని. పొలం అమ్మగలిగినవారికి, బంధుబలం ఉన్నవారికి అది సాధ్యం. కౌలు రైతుకు, వ్యవసాయ కూలీకి సాధ్యం కాదు. ఈ దశలో డెల్టాలో రెండు చికిత్సల మధ్య ఎంపిక అన్నది చాలామంది విషయంలో లేనేలేదు.

5. మరణాల లెక్క: 2003-2006

గుండెజబ్బు నగరవాసుల, ధనికుల వ్యాధి అన్న అభిప్రాయం రెండువేల సంవత్సరం నాటికి కూడా బలంగా ఉండేది. దాన్ని ప్రశ్నించిన ఆధారాలలో ముఖ్యమైనది గోదావరి జిల్లాల నుండే వచ్చింది. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, ఢిల్లీలోని సెంటర్ ఫర్ క్రానిక్ డిసీజ్ కంట్రోల్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టాయి. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, 1,80,162 జనాభాలో సంభవించిన ప్రతి మరణాన్ని ఏడాదిపాటు నమోదు చేశారు.

గ్రామీణ మరణాలలో చాలావాటికి వైద్యుని ధ్రువీకరణ ఉండదు. అందుకే శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మృతుల ఇళ్ళకు వెళ్ళి, చివరి రోజుల లక్షణాలను కుటుంబసభ్యులను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలను వైద్యులు చదివి కారణాన్ని నిర్ణయించారు. 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 98 శాతానికి కారణం తేల్చగలిగారు. రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన వ్యాధులు 32 శాతం, ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి బాహ్య కారణాలు 13 శాతం, అంటువ్యాధులు 12 శాతం. 32 శాతంలో గుండెపోటు వంటి హృద్ధమని వ్యాధులు, పక్షవాతం ఇంచుమించు సమాన భాగాలు. పల్లెటూళ్ళ ప్రధాన శత్రువు అంటువ్యాధి అన్న పాత అంచనా ఈ గ్రామాల విషయంలో నిలబడలేదు.

ఇదే కార్యక్రమంలో భాగంగా 20 గ్రామాలలో 4,535 మంది వయోజనులను పరీక్షించారు. మధుమేహం 13.2 శాతం మందిలో ఉన్నట్లు తేలింది. వారిలో కొందరు తమకు ఆ వ్యాధి ఉన్నట్లు అప్పటివరకు తెలియనివారు. ఈ సర్వేలోనే మరొక చేదు నిజం బయటపడింది. ఇప్పటికే గుండెజబ్బో, పక్షవాతమో వచ్చి బతికి బయటపడినవారిలో కూడా ఆస్పిరిన్ వాడుతున్నవారు నాలుగోవంతుకు లోపే. కొలెస్టరాల్ మందు వాడుతున్నవారు వేళ్ళమీద లెక్కించదగినంత కొద్దిమంది.

ఆస్పిరిన్ మాత్ర ధర ఒక టీ ఖరీదుకంటే తక్కువ. డెల్టాలో ఆ మాత్ర దొరకని ఊరు లేదు. అయినా రోగికి అందలేదంటే లోపం ధరలో మాత్రమే లేదు. నొప్పి తగ్గాక కూడా జీవితాంతం వాడాలని చెప్పేవారు, నెలనెలా చూసేవారు, మానేస్తే ఎందుకు మానేశావని అడిగేవారు లేకపోవడమే అసలు లోపం. ఈ విషయం తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడానికి కీలకం.

6. 2007: ఒకే వసంతంలో రెండు సంఘటనలు

2007 మార్చి చివరి వారంలో అమెరికాలో కరేజ్ అనే పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. నిలకడైన హృద్ధమని వ్యాధి ఉన్న 2,287 మంది రోగులలో ఒక జట్టుకు పూర్తిస్థాయి ఔషధచికిత్స మాత్రమే, మరొక జట్టుకు దానితోపాటు బెలూన్, స్టెంట్ చికిత్స కూడా ఇచ్చారు. సగటున నాలుగున్నర ఏళ్ళకు పైగా గమనించాక మరణం లేదా గుండెపోటు ఒక జట్టులో 18.5 శాతం, మరొక జట్టులో 19 శాతం. నిలకడైన వ్యాధిలో స్టెంట్ నొప్పిని తగ్గించవచ్చు గాని ఆయుష్షును పెంచదన్నది దీని సారాంశం.

ఆ తరువాత వారం తిరగకముందే, 2007 ఏప్రిల్ 1న, ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమయింది. అదే ఏడాది డిసెంబరు 5న ఉభయ గోదావరి జిల్లాలకు విస్తరించింది. తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయల వరకు, అవసరమైతే మరో 50 వేల వరకు ఖర్చును భరించడం అప్పట్లో ఈ పథకం ఏర్పాటు. బైపాస్, స్టెంట్ చికిత్సలు ఇందులో ముఖ్యమైనవి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర రోగిని నమోదు చేస్తాడు. యాంజియోగ్రామ్ తదితర నివేదికలు అనుమతి కోసం అప్పట్లో హైదరాబాదుకు ఆన్‌లైన్‌లో వెళ్ళేవి. అనుమతి వచ్చాక చికిత్స జరుగుతుంది.

ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధం లేదు. ఒకదాన్ని చూసి మరొకటి జరగలేదు. కాని వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వైరుధ్యం స్పష్టమవుతుంది. మందులతో సమాన ఫలితం సాధ్యమని శాస్త్రం చెబుతున్న వేళ, ప్రభుత్వ చెల్లింపు శస్త్రచికిత్స వైపు నిలిచింది. దీన్ని అవివేకమని తేల్చివేయడం తొందరపాటు అవుతుంది. పొలం అమ్మితే గాని దక్కని చికిత్స కూలీకి కూడా దక్కడం డెల్టా సామాజిక చరిత్రలో చిన్న మార్పు కాదు. అప్పులపాలైన కుటుంబాలు ముఖ్యమంత్రి సహాయనిధి కోసం శాసనసభ్యుల ఇళ్ళ ముందు నిలబడే స్థితి నుండి, కార్డు చూపించి వైద్యం పొందే స్థితికి రావడం గౌరవానికి సంబంధించిన విషయం కూడా. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరం వంటి పట్టణాలలో గుండె చికిత్సా సౌకర్యాలు పెరగడానికి ఈ చెల్లింపు తోడ్పడింది.

అయినా ఈ ఏర్పాటులోని తర్కాన్ని గమనించాలి. ఆపరేషన్ ఒక సంఘటన. దానికి తేదీ ఉంటుంది, బిల్లు ఉంటుంది, అనుమతి పత్రం ఉంటుంది, ముందు వెనకల ఫొటోలు ఉంటాయి. బీమా దాన్ని లెక్కించగలదు. రోజూ వేసుకునే మాత్రకు ఇవేవీ లేవు. ముప్పై ఏళ్ళపాటు సాగే ఔషధచికిత్స ఏ ప్యాకేజీలోనూ ఇమడదు. ఆపరేషన్ జరిగినవారిలో కొన్ని రకాల చికిత్సలకు ఏడాదిపాటు పరీక్షలు, మందులు ఇచ్చే అనుబంధ ప్యాకేజీలు తరువాత ఏర్పడ్డాయి. అంటే మందులకు కూడా అర్హత కోత ద్వారానే లభించింది. ఆపరేషన్ అక్కరలేదని వైద్యుడు చెప్పిన రోగి పథకం దృష్టిలో చికిత్స ముగిసినవాడు. 'మందులతో సరిపెట్టారు' అన్న మాటలోని వెలితికి ఒక మూలం ఇక్కడ ఉంది.

7. మాత్రల మార్గం: గ్రామాలలో ప్రయోగాలు

ఔషధచికిత్సను గ్రామానికి చేర్చే ప్రయత్నాలు జరగలేదని అనలేం. 2008 తరువాత 104 సంచార వాహనాలు నెలకొకసారి ఊళ్ళకు వచ్చి రక్తపోటు, మధుమేహం మందులు ఇచ్చాయి. వృద్ధులకు ఇవి ఎంతో ఉపకరించాయి. అయితే నెలకొకరోజు వచ్చే బండికి, రోగిని ఏళ్ళ తరబడి వెన్నంటి ఉండే వైద్యానికి మధ్య దూరం చాలా ఉంది.

పైన పేర్కొన్న గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం ఆ దూరాన్ని తగ్గించే మార్గం వెతికింది. గోదావరి జిల్లాల 44 గ్రామాలలో వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలకు ఒక సరళమైన ప్రశ్నావళి, నిర్ణయసూత్రం ఇచ్చి, గుండెజబ్బు ప్రమాదం ఉన్నవారిని గుర్తించే పని అప్పగించారు. 2012లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఆ కార్యకర్తలు ప్రమాదంలో ఉన్నవారిని మరింతగా గుర్తించగలిగారు. అయితే దానితోపాటు సాగించిన ఆరోగ్య ప్రచారం ప్రజల అవగాహనలో ఆశించిన మార్పు తేలేదు.

తరువాత పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలలో మరొక ప్రయోగం జరిగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ చేతబట్టి ఇంటింటికీ వెళ్ళి రక్తపోటు చూసి, ప్రమాదస్థాయి లెక్కించి, అవసరమైనవారిని వైద్యుని వద్దకు పంపారు. వైద్యునికి కూడా ఆ ట్యాబ్ సలహా ఇచ్చేది. స్మార్ట్‌హెల్త్ అనే ఈ ప్రయోగ ఫలితాలు 2019లో వచ్చాయి. రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశా కార్యకర్తలు తమకు అప్పగించిన పనిని చేసి చూపారు. గుర్తించడం ఒక మెట్టు మాత్రమే. ఆ పైన వైద్యుడు కేంద్రంలో ఉండాలి, మందు నిల్వ ఉండాలి, రోగి మళ్ళీ మళ్ళీ రావాలి. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా మిగిలిన శ్రమ ఫలించదు.

ఇదే కాలంలో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తయారుచేసిన బహుళ ఔషధ మాత్రతో భారత్, ఐరోపాలలో 2,004 మందిపై అంపైర్ అనే పరీక్ష జరిగింది. ఆస్పిరిన్, స్టాటిన్, రెండు రక్తపోటు మందులు ఒకే మాత్రలో చేర్చారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం ఒకే మాత్ర వాడినవారిలో 86 శాతం మంది మందులు క్రమం తప్పకుండా కొనసాగించగా, విడివిడిగా వాడినవారిలో అది 65 శాతమే. మందు గుణం ఎంత ముఖ్యమో దాన్ని వాడే వీలు కూడా అంతే ముఖ్యమని ఇది చూపింది.

8. శస్త్రచికిత్స తప్పనిసరి అయ్యే చోటు:

పై చర్చను బట్టి డెల్టాలో బైపాస్‌లు అనవసరమయ్యాయని భావించడం సరికాదు. 1,900 మంది మధుమేహ రోగులపై జరిగి 2012లో ప్రచురితమైన ఫ్రీడమ్ పరీక్ష, ఒకటికంటే ఎక్కువ ధమనులలో పూడిక ఉన్న మధుమేహ రోగులకు స్టెంట్‌కంటే బైపాస్ వల్ల మరణాలు, గుండెపోట్లు తగ్గుతాయని తేల్చింది. ఎనిమిది మంది వయోజనులలో ఒకరికి మధుమేహం ఉన్న డెల్టా గ్రామాలకు ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. ఎడమ ప్రధాన ధమని వ్యాధి విషయంలో 1970లలోనే తేలిన నిర్ణయం నేటికీ నిలిచి ఉంది. కాబట్టి ఆరోగ్యశ్రీ ద్వారా బైపాస్ పొందిన రోగులలో శాస్త్రం నిజంగా కోరిన చికిత్సనే పొందినవారు ఎందరో ఉంటారు.

మరొక వైపు, బైపాస్ జరిగిన రోగికి కూడా మందులు జీవితాంతం తప్పవు. శస్త్రచికిత్స పూడికను దాటిస్తుంది గాని వ్యాధిని నయం చేయదు. 'ఆపరేషన్ అయిపోయింది, ఇక మందులెందుకు' అని మానేసిన రోగి అతికిన నాళం కూడా కాలక్రమంలో పూడుకుపోవచ్చు. అందువల్ల శస్త్రచికిత్స పక్షాన నిలిచినా ఔషధచికిత్సా వ్యవస్థ అవసరం నుండి తప్పించుకోలేం.

9. 2017-2020: ధర, పథకం, పరీక్ష

2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ ఔషధ ధరల సంస్థ స్టెంట్ల ధరలకు పరిమితి విధించింది. మందుపూత లేని స్టెంట్ 7,260 రూపాయలు, మందుపూత ఉన్నది 29,600 రూపాయలు మించరాదని నిర్ణయించింది. లక్షకు పైగా పలికిన వస్తువు ధర ఒక్కసారిగా దిగివచ్చింది. 2019 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం ఆపరేషన్ తరువాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయలు మించకుండా భృతి ఇచ్చే ఆరోగ్య ఆసరాను ప్రారంభించింది. పనికి పోలేని కూలీకి ఇది గొప్ప ఊరట. ఇక్కడ కూడా అర్హత చికిత్సా సంఘటనతోనే ముడిపడింది. 2020 జనవరి 3న ఏలూరులో, వెయ్యి రూపాయలు దాటిన వైద్యానికి ఆరోగ్యశ్రీని వర్తింపజేసే ప్రయోగం పశ్చిమ గోదావరి జిల్లాలో మొదలయింది. చికిత్సల సంఖ్య 2,059కి పెరిగింది. ప్రభుత్వాలతోపాటు పథకం పేరు మారుతూ వచ్చినా, పరిధి మాత్రం పెరుగుతూ వచ్చింది.

ఈ కాలంలోనే భారత్ సహా 37 దేశాలలో 5,179 మందిపై జరిగిన ఇస్కీమియా పరీక్ష ఫలితాలు 2019 నవంబరులో ప్రకటితమై, మరుసటి సంవత్సరం ప్రచురితమయ్యాయి. ఒక మోస్తరు నుండి తీవ్రస్థాయి వరకు రక్తసరఫరా లోపం ఉన్న నిలకడైన రోగులలో, ముందుగానే స్టెంటో, బైపాసో చేయడం వల్ల మరణాలు తగ్గలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి ఉపశమనం మాత్రం మెరుగ్గా లభించింది. ఎడమ ప్రధాన ధమని వ్యాధి ఉన్నవారిని ఈ పరీక్షలో చేర్చలేదు. 1977 నాటి ప్రశ్నకు మరింత గట్టి ఆధారంతో, మరింత పరిమితమైన సమాధానం ఇది.

10. ముగింపు:

వైద్యపరీక్షల చరిత్రను, డెల్టా చరిత్రను కలిపి చదివినప్పుడు ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

● కరేజ్, ఇస్కీమియా వంటి పరీక్షలలో మందుల జట్టు అంటే క్రమం తప్పని మందులు, పర్యవేక్షణ, లక్ష్యాలు ఉన్న జట్టు. డెల్టా గ్రామంలో చీటీ రాయించుకొని ఇంటికి వచ్చిన రోగి ఆ జట్టులోనివాడు కాడు. కాబట్టి మందులు చాలునన్న శాస్త్ర నిర్ణయాన్ని, మందులు అందే ఏర్పాటు లేకుండా ఇక్కడికి తెచ్చుకోలేం.

● ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్సను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. అదే సమయంలో లెక్కించదగిన చికిత్సే చికిత్స అన్న భావనకు బలం చేకూర్చింది.

● మరణాలను లెక్కించడం, రోగులను గుర్తించడం, నివారణను ప్రయోగించడం అన్న మూడు దశలలోనూ గోదావరి గ్రామాలు దేశానికి ఆధారాలు అందించాయి. ఆ ఆధారాల ఫలం అవే గ్రామాలకు పూర్తిగా తిరిగి చేరలేదు.

● ఔషధచికిత్స అర్థం దశాబ్దాల వెంట మారుతూ వచ్చింది. అందువల్ల ఏ కాలపు పరీక్షను ఉటంకిస్తున్నామో స్పష్టం చేయకుండా రెండు చికిత్సలను పోల్చడం చారిత్రకంగా చెల్లదు.

కాటన్ ఆనకట్ట ఒక్కటే డెల్టాను సస్యశ్యామలం చేయలేదు. ఏటా పూడిక తీసిన కాలువలు, తూములు చూసుకున్న లస్కర్లు, వంతుల ప్రకారం నీరు పంచిన పద్ధతి కలిస్తేనే ఆ నీరు పొలానికి చేరింది. ఆనకట్టకు ప్రారంభోత్సవం ఉంటుంది. కాలువ నిర్వహణకు ఉండదు. హృద్ధమని వ్యాధి విషయంలో డెల్టా ఆనకట్టను కట్టుకుంది. కాలువల పని మిగిలి ఉంది. ఈ దిశలో ఆరోగ్యశ్రీ రికార్డులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మందుల పుస్తకాలు, రోగుల కుటుంబాల మౌఖిక కథనాలు పరిశోధకుల కోసం ఎదురుచూస్తున్నాయి.